నెలకు ఒక డాలరు అద్దె: ఒక తోట చరిత్ర, మన బడి వెనక స్థలం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పి బతికినవాణ్ణి కాబట్టి, నేను చరిత్రే రాస్తానన్నాను. అందుకు సందర్భం కూడా ఉంది.

ఈసారి మన సంఘం సర్వసభ్య సమావేశం ముందుకు ఒక తీర్మానం రాబోతోంది. బడి వెనక సర్కారు తుమ్మ కమ్ముకుపోయిన ముప్పై సెంట్ల స్థలాన్ని బాగుచేసి, పూర్వ విద్యార్థులు, ఊరివాళ్ళు, పిల్లలు కలిసి జీతంలేకుండా నడుపుకునే తోటగా మార్చాలన్నది ఆ తీర్మానం. "అదంతా నాలుగు రోజుల ముచ్చట, ఫోటోలు దిగాక ఎవరూ రారు" అనేవాళ్ళు ఉన్నారు. "రోడ్డువైపు నాలుగు గదులు కట్టి అద్దెకిస్తే బడికి నికరమైన ఆదాయం" అనేవాళ్ళూ ఉన్నారు. రెండూ తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాటలు కావు. ఇలాంటి తోటలు ఎక్కడెక్కడ ఎందుకు పుట్టాయో, ఏవి నిలిచాయో, ఏవి పోయాయో తెలుసుకుని చెయ్యెత్తితే మంచిదని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

కరువు వచ్చినప్పుడు పుట్టిన తోటలు

పదిమంది కలిసి పరాయి స్థలంలో కూరగాయలు పండించుకోవడం కొత్త సంగతి కాదు. అమెరికాలో 1893లో బ్యాంకులు కూలి, ఫ్యాక్టరీలు మూతపడి లక్షలమంది రోడ్డున పడ్డారు. మరుసటి ఏడు డెట్రాయిట్ నగర మేయర్ హేజన్ పింగ్రీ, ఊళ్ళో ఖాళీగా పడున్న స్థలాలను యజమానుల దగ్గర అరువు తీసుకుని, పనిలేని కుటుంబాలకు బంగాళాదుంపలు, చిక్కుళ్ళు వేసుకోమని పంచాడు. ఖర్చులకోసం తన గుర్రాన్ని కూడా వేలం వేశాడంటారు. జనం వాటికి ‘పింగ్రీ గారి బంగాళాదుంప మడులు’ అని పేరు పెట్టారు. మొదట వేళాకోళంగా అన్నవాళ్ళే తరువాత గౌరవంగా అన్నారు. ఇతర నగరాలు కూడా ఆ దారి పట్టాయి.

ఇంగ్లండులో ఇది చట్టందాకా వెళ్ళింది. 1908లో వచ్చిన చట్టం ప్రకారం, స్థానిక ప్రజలు అడిగితే కూరగాయలు పండించుకోవడానికి చిన్న చిన్న మడులు అద్దెకివ్వడం స్థానిక సంస్థల బాధ్యత అయింది. ఆ మడులు ఇవాళ్టికీ ఉన్నాయి.

రెండు ప్రపంచ యుద్ధాల్లో ఈ తోటలు విపరీతంగా పెరిగాయి. రెండో యుద్ధకాలంలో అమెరికాలో ‘విజయ వనాలు’ దాదాపు 2 కోట్లని, ఆ దేశంలో పండిన తాజా కూరగాయల్లో 40 శాతం దాకా వాటినుంచే వచ్చాయని అంచనా. యుద్ధం ముగిసింది, కూరగాయలు బజార్లో దొరకసాగాయి. అరువిచ్చిన స్థలాలు యజమానులు వెనక్కి తీసుకున్నారు. బోస్టన్‌లో 1942లో మొదలైన ఫెన్‌వే తోటల్లాంటివి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాయి.

చరిత్ర విద్యార్థిగా నాకు ఇక్కడ ఒక సంగతి కనిపిస్తుంది. అవసరం తోటను పుట్టించగలదు గాని, అవసరం తీరాక దాన్ని నిలబెట్టలేదు. నిలబడాలంటే ఇంకేదో కావాలి. అదేమిటో తెలియాలంటే న్యూయార్క్ వెళ్ళాలి.

బవరీ వీధి మూల

1970ల న్యూయార్క్ సినిమాల్లో చూసే న్యూయార్క్ కాదు. ఫ్యాక్టరీలు తరలిపోయాయి. 1975లో నగరపాలక సంస్థ దివాలా అంచుకు చేరింది. మాన్‌హట్టన్ దక్షిణ భాగంలోని లోయర్ ఈస్ట్ సైడ్‌లో పేదవాళ్ళు, వలస వచ్చినవాళ్ళు ఉండేవారు. పన్నులు కట్టలేక, మరమ్మతులు చేయించలేక ఇళ్ళ యజమానులు భవనాలను వదిలేసి పోయారు. కొన్ని తగలబడ్డాయి, కొన్నిటిని నగరమే కూల్చేసింది. అలా మిగిలిన ఖాళీ స్థలాలు పన్ను బకాయిల కింద నగరం చేతికి వచ్చాయి. వాటిలో ఇటుకముక్కలు, పాత పరుపులు, విరిగిన ఫ్రిజ్‌లు, ఎలుకలు.

ఆ పేటలో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి ఉండేది. చెత్త నిండిన ఒక ఖాళీ స్థలంలో, పారేసిన ఫ్రిజ్‌లో ఒక పిల్లవాడు దూరి ఆడుకోవడం ఆమె చూసిందట. ఎవరైనా ఏదైనా చెయ్యాలి కదా అని వాళ్ళమ్మతో అంటే, "ఆ ఎవరో నువ్వే ఎందుకు కాకూడదు?" అన్న అర్థంలో ఆ తల్లి బదులిచ్చిందని తొలినాటి సహచరులు చెబుతూ వచ్చారు.

1973లో ఆమె, స్నేహితులు, ఇరుగుపొరుగు కలిసి ‘గ్రీన్ గెరిల్లాస్’ అనే బృందంగా ఏర్పడ్డారు. కంచె వేసిన ఖాళీ స్థలాల్లోకి విత్తనాలు, ఎరువు, తడి కలిపి కట్టిన ఉండలు విసిరేవారు. రోడ్ల మధ్య విభాగినుల్లో పొద్దుతిరుగుడు గింజలు నాటేవారు. ఇదంతా సరదాగా ఉంటుంది గాని తోట అవదు. కొద్ది రోజుల్లోనే వాళ్ళకా సంగతి తెలిసింది. బవరీ, హౌస్టన్ వీధులు కలిసేచోట ఉన్న ఒక పెద్ద స్థలాన్ని ఎంచుకున్నారు. (టెక్సస్‌లోని ఊరిని హ్యూస్టన్ అంటారు, అక్షరాలు అవే అయినా ఈ వీధిని మాత్రం హౌస్టన్ అనే పలుకుతారు.)

ఇక్కడ వాళ్ళు చేసిన రెండు పనులు గమనించండి. చెత్త ఎత్తడం ఒకటి. నగర గృహనిర్మాణ శాఖకు అర్జీ పెట్టుకోవడం రెండోది. 1973 చివర అడిగితే, 1974 ఏప్రిల్ 23న అనుమతి వచ్చింది. అద్దె నెలకు ఒక డాలరు. పేరు ‘బవరీ హౌస్టన్ కమ్యూనిటీ ఫార్మ్ అండ్ గార్డెన్’.

ఒక డాలరంటే ఉచితమే కదా అనిపిస్తుంది. కాని ఆ డాలరుకు రసీదు ఉంటుంది. రసీదు ఉన్నవాడు ఆక్రమణదారు కాడు, కౌలుదారు. తోట చరిత్రలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ రసీదే.

తరువాత పని సాగింది. స్వచ్ఛంద కార్యకర్తలు చెత్త మోశారు, దాతలిచ్చిన మట్టి పరిచారు, కంచె కట్టారు. ఇటుకముక్కలూ పాత రంగుల పెచ్చులూ కలిసిన నేలమీద నేరుగా పంట వెయ్యకుండా, పైన మంచి మట్టి పోసి 60 ఎత్తు మడులు చేశారు. వాటిలో కూరగాయలు వేశారు, తరువాత చెట్లూ పూలమొక్కలూ పెట్టారు. చుట్టుపక్కల పేటలవాళ్ళు వచ్చి చూసి, మాకూ నేర్పమన్నారు. ఆ తోటే బడి అయింది. ఏ మొక్క అక్కడి చలికి, పొగకు తట్టుకుంటుందో ముందు ఇక్కడ వేసి చూసి, మిగిలినవాళ్ళకు మొక్కలు, మెలకువలు పంచేవారు.

లిజ్ క్రిస్టీ 1985లో, నలభై ఏళ్ళయినా నిండకుండానే క్యాన్సర్‌తో చనిపోయింది. మొదలుపెట్టిన మనిషి పోతే మన దగ్గర చాలా సంస్థలు ఆ ఏడాదే మూతపడతాయి. ఆ తోట మూతపడలేదు. మరుసటి ఏడాది దానికి ఆమె పేరు పెట్టి, మిగిలినవాళ్ళు పని కొనసాగించారు. తాళంచెవులు, నీళ్ళ వంతులు, మడుల బాధ్యత ఒక్కరి చేతిలో కాకుండా పదిమంది చేతుల్లో ఉండటమే అందుకు కారణమని నా నమ్మకం.

రెండేళ్ళ కిందట మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఆ తోట చూసి వచ్చాను. వీధి వెంట సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒకపక్క ఆగని ట్రాఫిక్, గేటు దాటితే ద్రాక్ష పందిరి, చిన్న కొలను, అందులో తాబేళ్ళు. డాన్ రెడ్‌వుడ్ అనే చెట్టు ఆకాశంలోకి పెరిగి ఉంది. మట్టిచేతులతో ఉన్న ఒక పెద్దావిడ కలుపు తీస్తూనే నా ప్రశ్నలకు జవాబులు చెప్పింది. ఇంత స్థలానికి ఈ నగరంలో ఎంత ధర పలుకుతుందని అడిగాను. నవ్వి, అందుకే ఇక్కడ కాగితాలు కూడా కలుపంత జాగ్రత్తగా చూసుకోవాలి అంది.

వేలంపాట

ఆ పెద్దావిడ మాట వెనక పెద్ద కథే ఉంది. బవరీ తోటను చూసి వందల తోటలు పుట్టాయి. 1978లో నగరమే ‘గ్రీన్‌థంబ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టి ఖాళీ స్థలాలను నామమాత్రపు కౌలుకు ఇవ్వసాగింది. అయితే అవి తాత్కాలికం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చెయ్యాలన్న షరతుమీద ఇచ్చినవి.

ఇరవై ఏళ్ళు గడిచాయి. పేటలు బాగుపడ్డాయి, స్థలాల ధరలు పెరిగాయి. పేట బాగుపడటానికి ఈ తోటలు కూడా ఒక కారణం. ఆ పెరిగిన ధరే తోటల మెడకు చుట్టుకుంది. రూడీ జూలియానీ మేయరుగా ఉండగా 1999లో నగరం 114 తోటల స్థలాలను వేలానికి పెట్టింది. నగరానికి ఇళ్ళు కావాలన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు. న్యూయార్క్‌లో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో అక్కడ ఉంటున్న మన పిల్లలను అడగండి. కాని వేలంలో ఎక్కువ పాడినవాడు పేదలకే ఇళ్ళు కడతాడన్న హామీ ఎక్కడుంది? తోటలవాళ్ళు ఊరేగింపులు చేశారు, కోర్టులకెక్కారు. చివరికి వేలానికి ముందురోజు, ‘ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్’ అనే సంస్థ, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన ‘న్యూయార్క్ రిస్టొరేషన్ ప్రాజెక్ట్’ కలిసి ఆ 114 తోటలను సుమారు 42 లక్షల డాలర్లకు కొనేశాయి.

అన్ని తోటలకూ ఆ అదృష్టం పట్టలేదు. 2000 ఫిబ్రవరిలో ఈస్ట్ సెవెంత్ స్ట్రీట్‌లోని ‘ఎస్పరాంజా’ తోటను బుల్డోజర్లు నేలమట్టం చేశాయి. ఆ పేరుకు స్పానిష్‌లో ఆశ అని అర్థం. 2002లో రాష్ట్ర ప్రభుత్వ న్యాయాధికారికి, నగరానికి మధ్య రాజీ కుదిరి, కొన్ని వందల తోటలకు రక్షణ దొరికింది. కొన్ని స్థలాలు ఇళ్ళకు పోయాయి. బవరీ తోటను మాత్రం పూర్తిగా కాపాడాలని 1990లోనే ఆ పేట పునర్నిర్మాణ ఒప్పందంలో రాయించుకున్నారు. ముందుచూపు అంటే అది.

ఇవాళ గ్రీన్‌థంబ్ కింద 550కి పైగా తోటలు ఉన్నాయి. వాటికి ఒక నియమం నాకు నచ్చింది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికి కనీసం 20 గంటలు గేటు అందరికీ తెరిచి ఉంచాలి. నలుగురు సభ్యులు తాళం వేసుకుని సొంత పెరడులా వాడుకుంటే అది ఊరి తోట కాదని దాని అర్థం.

మన దేశంలో, మన బడిలో

మనకు ఈ సంప్రదాయం లేదని ఎవరూ అనుకోనక్కరలేదు. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా మహాసభ, చేతిపని కేంద్రంగా చదువు సాగాలన్నది. అదే ‘నయీ తాలీమ్’. రాట్నంతోపాటు తోటపని, వ్యవసాయం అందులో భాగం. రెండో యుద్ధకాలంలో అధికాహారోత్పత్తి ఉద్యమం వచ్చింది. 1950 జులైలో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిగా ఉన్న కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ, సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమను బడి పాఠ్యప్రణాళికలో చేర్చమంది. 2019లో కేంద్ర విద్యాశాఖ, మధ్యాహ్న భోజనానికి తోడుగా బడుల్లో పోషక తోటలు పెంచాలని మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితంమీద మనకు లోటు ఎప్పుడూ లేదు.

నేను 1969 నుంచి 1974 దాకా చదివిన మన బడిలో వారానికి రెండు క్రాఫ్ట్ పీరియడ్లు ఉండేవి. ఒకటి తోటపని. బావి దగ్గరనుంచి బాల్చీలతో నీళ్ళు మోసేవాళ్ళం. తోటకూర, బచ్చలి, బెండ, గోంగూర, కంచెకు బీర, ఆనప పాదులు. తోటమాలి ఉద్యోగం ఒకటి ఉండేది. ఆయన రిటైరయ్యాక ఆ ఖాళీ భర్తీ కాలేదు. బావి పూడింది, క్రాఫ్ట్ పీరియడ్‌లో లెక్కలు చెప్పడం మొదలైంది. ఆ ముప్పై సెంట్లలో ముందు వయ్యారిభామ, తరువాత సర్కారు తుమ్మ వచ్చాయి. తోటంతా ఒక్క మనిషి జీతం మీద నిలబడి ఉందని ఆ జీతం ఆగాక గాని ఊరికి తెలియలేదు.

మన సంఘం రజతోత్సవం నాడు, 2000 సంవత్సరంలో, బడి ఆవరణలో 50 మొక్కలు నాటారు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు తిరిగి లెక్కపెట్టాను. 4 చెట్లు ఉన్నాయి: రెండు వేపలు, ఒక కానుగ, ఒక బాదం. నాలుగూ ఒక్కచోటే ఉన్నాయి, మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లలు కంచాలు కడిగే కుళాయి పక్కన. వాటికి ఎవరూ ప్రత్యేకంగా నీళ్ళు పొయ్యలేదు. రోజూ మనుషులు తిరిగేచోట, రోజూ నీళ్ళు పారేచోట ఉన్నాయి కాబట్టి బతికాయి. మిగిలిన 46 మొక్కలను నాటినరోజు ఎంతో ప్రేమతోనే నాటి ఉంటారు. మే నెలలో ప్రేమ సరిపోదు, నీళ్ళు కావాలి.

తీర్మానంలో ఏముండాలి

ఈ చరిత్రంతా చెప్పింది ‘మంచిదే, చేద్దాం’ అనడానికి కాదు. ఎలా చేస్తే నిలుస్తుందో చెప్పడానికి. నా సూచనలు ఇవి.

మొదటిది, కాగితం. స్థలం బడిది, మన సంఘానిది కాదు. ప్రధానోపాధ్యాయుల నోటిమాట మీద మొదలుపెడితే, వారి బదిలీతో అది ముగుస్తుంది. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం, పై అధికారుల లిఖితపూర్వక అనుమతి, ఇన్నేళ్ళు అన్న గడువు ముందే ఉండాలి. న్యూయార్క్‌వాళ్ళు కట్టిన డాలరులాగా మనమూ ఏడాదికి ఒక రూపాయి కట్టి రసీదు తీసుకుందాం. ఆ రసీదులు వరసగా ఫైల్లో పెట్టడం కోశాధికారి పని.

రెండోది, నీళ్ళు. మండువేసవిలో ఆకుకూర మడికి చదరపు మీటరుకు రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. ఐదు సెంట్ల స్థలంలో సగం మడులే అనుకున్నా, రోజుకు 400 నుంచి 500 లీటర్లు. ముందు బావి పూడిక తీయించి నీరు ఎంత ఊరుతుందో చూడాలి. కంచాలు కడిగిన నీటిని కాలువ తీసి అరటికి, కరివేపాకుకు, మునగకు మళ్ళించాలి. నీటి లెక్క తేలాకే గునపం పట్టాలి.

మూడోది, కొంచెంతో మొదలుపెట్టడం. ముప్పై సెంట్లూ ఒక్కసారి దున్నితే ఆషాఢంలో మొదలైన ఉత్సాహం కార్తీకానికి కలుపులో మునిగిపోతుంది. తొలి ఏడు కుళాయికి దగ్గరగా ఐదు సెంట్లు చాలు. మిగిలినచోట సర్కారు తుమ్మను వేళ్ళతో సహా తీసి, మళ్ళీ చిగురించకుండా చూసుకుంటే అదే పెద్ద పని.

నాలుగోది, వేసవి సెలవులు. బడితోట చచ్చేది అప్పుడే. ఏప్రిల్ చివరినుంచి జూన్ రెండోవారం దాకా పిల్లలు ఉండరు. ఊళ్ళోనే ఉంటున్న పూర్వ విద్యార్థులు, రిటైరైన నాలాంటివాళ్ళు వారానికొకరు చొప్పున వంతు వేసుకోవాలి. ఏడు వారాలకు ఏడుగురు, వాళ్ళకు రాలేనప్పుడు మరో ఏడుగురు. ఈ పద్నాలుగు పేర్లు రాకపోతే ఈ ఏడు తీర్మానాన్ని వాయిదా వేద్దాం. అమెరికాలో ఉన్న మిత్రులు డబ్బు పంపగలరు, సంతోషం. మే నెల సాయంత్రం బాల్చీ పట్టుకునే మనిషిని మాత్రం డబ్బుతో పంపలేరు. పంపితే మళ్ళీ అది తోటమాలి ఉద్యోగమే అవుతుంది, ఆ కథ మనం ఒకసారి చూశాం.

ఐదోది, పంట ఎవరిదన్న సంగతి. ముందే రాసుకోకపోతే సొరకాయ దగ్గరే సంఘం చీలిపోతుంది. నా అభిప్రాయంలో, పంట మొదట మధ్యాహ్న భోజనానికి, మిగిలితే పనిచేసిన పిల్లల ఇళ్ళకు. సభ్యులకు ఏమీ లేదు. కోతుల బెడద అందరికీ తెలిసిందే. కాబట్టి మొదట అవి అంతగా ముట్టని గోంగూర, పుదీనా, కరివేపాకు, పచ్చిమిర్చిలాంటివి వేసి చూద్దాం.

గదులు కట్టి అద్దెకిద్దామన్న మిత్రుల మాటకు కూడా జవాబు చెప్పాలి. బడికి ఆదాయం అవసరమే. అయితే న్యూయార్క్ కథ చెప్పేదేమిటంటే, స్థలం ఖాళీగా, ముళ్ళకంపతో కనిపించినంతకాలం దానిమీద అందరి కన్నూ ఉంటుంది. రోజూ పిల్లలు తిరిగే స్థలాన్ని అడగడానికి ఎవరికైనా జంకు ఉంటుంది. ఇప్పుడు రోడ్డువైపు నాలుగు గదులు కడితే, పదేళ్ళకు వెనకవైపు నలభై గదుల మాట వస్తుంది. ఒకసారి పునాది పడ్డ స్థలం మళ్ళీ బడికి ఆటస్థలంగానో తోటగానో తిరిగిరావడం నేను ఎక్కడా చూడలేదు. తోట వేస్తే, రేపు నిజంగా తరగతి గదులే అవసరమైతే ఆ నేల బడి చేతిలోనే ఉంటుంది.

యాభై ఏళ్ళ కిందట కొద్దిమంది పెద్దలు కలిసి, పుస్తకాలు కొనలేని పిల్లలకు సాయం చెయ్యాలని మొదలుపెట్టిన సంఘం మనది. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, సంఘం ఉంది. బాధ్యతలు చేతులు మారుతూ వచ్చాయి కాబట్టే ఉంది. ఆ పద్ధతి మనకు తెలిసిందే, ఇప్పుడు దాన్ని మట్టిలో వాడదాం. సభరోజున రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ‘వేసవి వంతు’ అని ఒక నోటుపుస్తకం పెట్టమని కార్యదర్శిగారిని కోరాను. అందులో మే రెండోవారం ఎదురుగా నా పేరు రాశాను. ఇంకా పదమూడు పేర్లు కావాలి.